ఎనిమిదో నెలలో డ్రైవింగు

మా విజయనగరంలో కొత్త రకం వాహనాలు పెరిగిపోయాయి. రవాణా శాఖవారు ఇంకా గమనించినట్టు లేదు. ఆరు చక్రాలు, మధ్యలో గుడ్డ సీటు, ముందు ఏబీసీడీలు పాడే ట్రే. బ్రేకు లేదు. డ్రైవరుకి ఎనిమిదో నెల. దీన్ని వాకర్ అంటారు.

మూడు లాంతర్ల దగ్గరుండే మా మేనత్త మనవడికి ఒకటి కొన్నారు. ఆదివారం వెళ్తే గుంటడు హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి ఫ్రిజ్ మీదికి, అక్కణ్ణించి నా మోకాలి మీదికి ఒకటే సర్వీసు. మామయ్య వీడియో తీస్తున్నాడు. అప్పటికి పదకొండు వీడియోలయ్యాయి. అందులో తొమ్మిదింట్లో నా మోకాలే హీరో.

"సూడ్రా, ఎనిమిదో నెలకే నడిసేస్తన్నాడు!" అంది అత్త.

"అది నడక కాదత్తా, దొర్లడం."

"నీకేటి తెలుసు? నువ్వు ఏడాదిన్నరకి గాని అడుగెయ్యలేదు."

నిజమే. పద్దెనిమిదో నెల దాకా ఆగి నడిచే పిల్లలూ ఉంటారు, నాలాగే. వాకర్లో కూర్చున్నవాడు మునివేళ్ళతో నేలని తంతాడు. ట్రే అడ్డొచ్చి తన పాదాలు తనకే కనబడవు. ఒళ్ళు నిలదొక్కుకోవడం వాడికెక్కడ పట్టుబడుతుంది? బోర్లా పడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు పంచుకున్న వాళ్ళం మనం. ఆ వరుస వంటల కోసం పెట్టింది కాదు. బోర్లా పడితే మెడ నిలుస్తుంది, పాకితే కుడిచెయ్యీ ఎడమ మోకాలూ జత కుదురుతాయి. పడి లేచిన ప్రతిసారీ మెదడు ఒక లెక్క సరిచేసుకుంటుంది. మూడేళ్ళు నిండేసరికి ఆ మెదడు పెద్దవాళ్ళ మెదడులో 80 శాతం దాకా పెరిగిపోతుంది. ఆ కాలాన్ని మనం గుడ్డ సీట్లో వేలాడదీస్తున్నాం.

అత్తవాళ్ళ గడప దాటితే గారెలు లేవు, నాలుగు సిమెంటు మెట్లున్నాయి. పసిపిల్లలకి తల బరువు, పడితే ముందు తలే తగులుతుంది. "పక్కనే ఉన్నాం కదా" అంటారు. ఉండి ఏం చేస్తారు? ఆ బండి ఒక్క సెకనులో మీటరు దూరం పోతుంది. మీరు కాఫీ గ్లాసు కింద పెట్టేలోపు వాడు మెట్ల కింద ఉంటాడు! లేదా పొయ్యి పక్కన గంజి గిన్నె లాక్కుంటాడు! కెనడా 2004లోనే వీటి అమ్మకాన్ని నిషేధించింది. ఇక్కడ మనం రంగుకాగితం చుట్టి బారసాలలో చదివిస్తున్నాం. సిగ్గుండక్కర్లేదా?

స్క్రూడ్రైవరు అడిగాను. ఫ్యానుకేమో అనుకుని మామయ్య తెచ్చిచ్చాడు. చక్రాలు ఆరూ విప్పి జేబులో వేసుకుని వచ్చేశాను. అత్త ఫోనెత్తడం లేదు. మనవడి అడుగుల అరిసెలు నాకు పెట్టదని కబురు మాత్రం పంపింది.