రక్తపోటులో పై అంకె ఎందుకు పెరుగుతుంది?

వయసుతో గుండెలో వచ్చే మార్పుల గురించి నేను చదివిన ఒక వ్యాసంలో, వయసు మీరితే గుండె బలహీనపడుతుందని ఒక్క వాక్యంతో తేల్చేశారు గానీ, జబ్బు లేని గుండె విశ్రాంతి వేళ వృద్ధాప్యంలోనూ దాదాపు మునుపటంత రక్తాన్నే పంపు చేస్తుంది. తేడా మెట్లెక్కినప్పుడో, వేగంగా నడిచినప్పుడో బయటపడుతుంది, ఎందుకంటే గుండె అందుకోగల గరిష్ఠ వేగం వయసుతోపాటు తగ్గుతూ వస్తుంది. అసలు మార్పు ధమనుల్లో ఉంది. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళమైన బృహద్ధమని గోడల్లో సాగే గుణమున్న ఎలాస్టిన్ పోగులు అరిగి, బిరుసైన కొల్లాజెన్ పెరగడంతో, గుండె కొట్టుకున్నప్పుడల్లా వచ్చే ఒత్తిడిని ఆ గోడలు మునుపటిలా ఇముడ్చుకోలేవు. అందుకే సుమారు 60 ఏళ్లు దాటాక రక్తపోటులో పై అంకె (గుండె ముడుచుకున్నప్పటి ఒత్తిడి) పెరుగుతూ, కింది అంకె (గుండె సడలినప్పటి ఒత్తిడి) తగ్గుతూ పోవడం తరచుగా కనిపిస్తుంది. ఆ బిరుసుకు ఎదురొడ్డి పనిచేయవలసి రావడంతో గుండెలో శరీరానికి రక్తాన్ని పంపే గది అయిన ఎడమ జఠరిక గోడ కొంత మందమవుతుంది. ఇదంతా సహజమే కదా అని 140 దాటిన పై అంకెను వదిలేయడం మాత్రం నా దృష్టిలో పొరపాటు, వయసుతో వచ్చినదైనా అది పక్షవాతం ముప్పును పెంచుతుంది. మెడ ధమనుల్లో రక్తపోటును కనిపెట్టే నాడీ గ్రాహకాలు మందగించడం వల్ల, చప్పున లేచి నిలబడితే కళ్లు తిరగడాన్ని వ్యాసం ప్రస్తావించనే లేదు. లేచిన 3 నిమిషాల్లోపు పై అంకె 20 లేదా అంతకు మించి పడిపోతే వైద్యుడికి చెప్పవలసిందే.