జపాన్ సీరియళ్లలో ముగ్గురి కాపురాలట!

జపాన్ సీరియళ్ల మీద ఆ వాట్సాప్ ఫార్వర్డ్ మళ్లీ వచ్చింది. ఈసారి నెత్తిన "తప్పక చదవండి", కాళ్ల దగ్గర రెండు దండాల బొమ్మలు. జపాన్ టీవీ సీరియళ్లలో సగం ముగ్గురూ నలుగురూ కలిసి కాపురం చేసే కథలేనట. ఆ కాపురాలు అక్కడ చట్టబద్ధమట. జననాలు పెంచడానికి ప్రభుత్వమే అక్కడి ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే చేత ఇవి తీయిస్తోందట. అది వాళ్ల అనాది ఆచారమట. భార్యకి ఒక మాట చెప్తే చాలు, ఇంకొకరితో ఉన్నా అడిగే నాథుడు లేడట. సాక్ష్యానికి వరసగా పోస్టర్లు. జపాన్ డ్రామాలు రాత్రంతా మేలుకుని చూసేవాళ్లు కూడా ఇది పంపిస్తుంటే ఒళ్లు మండుతోంది.

పోస్టర్ల సంగతి ముందు తేల్చేద్దాం. మొదటిది 'కనోజో మో కనోజో'. అది 2021 నాటి యానిమే, అంటే బొమ్మల సీరియల్, మనుషులు నటించే డ్రామా కాదు. పక్కన పెట్టండి.

రెండోది 'హిరుగావో', 2014, ఫుజీ టీవీ. పెళ్లయిన ఇద్దరు తమ ఇళ్లలో తెలియకుండా కలుసుకునే కథ. తెలిశాక ఇళ్లు కూలాయి. ఇకపై కలవం, మాట్లాడుకోం అని కాగితం మీద రాసిస్తే గానీ గొడవ ఆగలేదు. ఈ ఫార్వర్డ్ చెప్పే ముగ్గురి కాపురానికి ఇంగ్లీషు పేరు పాలీఅమరీ, అంటే అందరికీ తెలిసి, అందరూ ఒప్పుకుని ఉండే సంబంధం. ఇక్కడ తెలియకపోవడమే కథ. దొంగతనం సినిమాని దానధర్మాల లెక్కలో రాస్తారా?

మూడోది '1122'. ఇది కాస్త దగ్గరికొస్తుంది. భర్తకి ప్రియురాలు ఉండటానికి భార్య ఇచికో ఒప్పుకుంది, ఇద్దరూ నియమాలు పెట్టుకున్నారు. సరే. కానీ ఆ ప్రియురాలు మిత్సుకీకి కూడా పెళ్లయింది, ఆమె మొగుడికి ఏమీ తెలియదు. నలుగురిలో ఒకరిని చీకట్లో ఉంచి నడిపే ఒప్పందం ఎక్కడ చీలుతుందో ఊహించడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు, కథ కూడా సరిగ్గా అక్కడే చీలింది. పైగా ఇది 2024లో అమెజాన్ ప్రైమ్‌లో వచ్చింది, టీవీలో కాదు.

నాలుగోది చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 'కొయిసెను ఫుతారి', ఎన్‌హెచ్‌కే, 2022. ప్రేమా, శృంగారమూ రెండిటి మీదా ఆసక్తి లేని ఒక ఆడమనిషి, ఒక మగమనిషి ఒకే ఇంట్లో కుటుంబంలా ఉండటానికి ప్రయత్నించే కథ. ముగ్గురి ప్రేమ సంగతి అటుంచండి, ఇందులో ఇద్దరి ప్రేమ కూడా లేదు! పోస్టరు మీద ఒక ఆడ, ఒక మగ, ఒక ఇల్లు కనిపించాయి, అంతే, జాబితాలో పడేశారు.

ఇదే ఎన్‌హెచ్‌కే జననాలు పెంచడానికి డ్రామాలు తీస్తోందన్న పాయింటుకి కూడా జవాబు. పిల్లల్ని కనండహో అని చాటించదలచిన ప్రభుత్వం, ఒకరినొకరు ముట్టుకోని ఇద్దరి కథ ఎంచుకుందన్నమాట. మహా వ్యూహం. 2023లో జపాన్‌లో పుట్టిన పిల్లలు 7,27,288 మంది, 2024లో 6,86,173 మంది. అదేదో రహస్య ప్రచారమే అయితే దాన్ని నడిపేవాణ్ని వెంటనే ఉద్యోగంలోంచి పీకేయాలి.

"సగం సీరియళ్లు" అన్నదానికి రెండు ముక్కలు. అక్కడ మూడు నెలలకోసారి, జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరుల్లో, డ్రామాలు మారతాయి. ఒక్కోటి పదీ పదకొండు ఎపిసోడ్లు. ముగ్గురి కాపురమే అసలు కథగా వచ్చిందంటే 2024 వసంతంలో టీబీఎస్ చానెల్ వేసిన 'సన్నిన్ ఫూఫు' (ముగ్గురు దంపతులు) ఉంది. ఎప్పుడు వేశారు? అర్ధరాత్రి వేళకి, అరగంట స్లాటులో. కొత్త ప్రయోగాలకి జపాన్ చానెళ్లు ఇచ్చే చోటు అదే. ఖర్చు తక్కువ, పోయినా ఎవరికీ పట్టదు. రాత్రి తొమ్మిది గంటల డ్రామాకి ఇలాంటి కథ పట్టుకెళ్తే ప్రకటనదారు మొహం ఎలా మారుతుందో వేరే చెప్పాలా?

ఇప్పుడు చట్టం. జపాన్ సివిల్ కోడ్ 732: పెళ్లయినవాళ్లు మళ్లీ పెళ్లి చేసుకోకూడదు. పీనల్ కోడ్ 184: చేసుకుంటే రెండేళ్ల దాకా జైలు, తెలిసి చేసుకున్న అవతలి మనిషికీ అంతే. పెళ్లి నమోదు ఫారంలో భర్తకో గడి, భార్యకో గడి, ఇద్దరికీ కలిపి ఏ ఇంటిపేరు ఉంటుందో టిక్కు పెట్టే చోటు ఉంటాయి. దాని మీద మూడో సంతకం కనిపించిందా, అది సాక్షిది. నాలుగోదీ సాక్షిదే.

ముగ్గురు ఒకే ఇంట్లో ఉండటం నేరం కాదు. కానీ వార్డు ఆఫీసులో నివాస పత్రం తీసినప్పుడు అసలు రంగు తెలుస్తుంది. నమోదైన జంట భార్యాభర్తలు. నమోదు చేసుకోని జంటకి కూడా "భార్య, నమోదు కాలేదు" అని రాసే వీలుంది. మూడో మనిషికి దక్కేది "దోక్యోనిన్", అంటే ఇంట్లో ఉంటున్న మనిషి. గది అద్దెకు తీసుకున్న స్నేహితుడికి రాసేదీ అదే. వీలునామా లేకపోతే ఆస్తిలో చిల్లిగవ్వ రాదు. బిడ్డ పుడితే సివిల్ కోడ్ 772 ప్రకారం తండ్రి చట్టబద్ధమైన భర్తే. కన్న తండ్రి మూడోవాడైతే, ముందు ఆ పితృత్వాన్ని కోర్టు ద్వారా కాదనిపించాలి, ఆ తర్వాతే అతను తన బిడ్డ అని నమోదు చేసుకోగలడు. తల్లీ బిడ్డా కూడా కాదనే హక్కు, దానికి మూడేళ్ల గడువు 2024 ఏప్రిల్ నుంచే వచ్చాయి.

అన్నిటికన్నా ప్రమాదకరమైంది "భార్యకి చెప్తే చాలు" అన్న వాక్యం. టోక్యోలో, యొకొహామాలో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లల గ్రూపుల్లో కూడా ఇది తిరుగుతోంది. నాయనా, వినండి. వ్యభిచారం నేరం కాకుండా పోయింది 1947లో. అంతకు ముందు ఆ నేరం అంటగట్టింది పెళ్లయిన ఆడదానికీ, ఆమెతో పోయినవాడికీ మాత్రమే. నేరం పోయింది గానీ సివిల్ బాధ్యత పోలేదు. సివిల్ కోడ్ 770 ప్రకారం అది విడాకులకి కారణం. 709 ప్రకారం నష్టపరిహారం, వాళ్ల మాటలో 'ఇషర్యో'. మామూలుగా 5 లక్షల నుంచి 30 లక్షల యెన్ల దాకా పలుకుతుంది. ఇది భర్త మీదే కాదు, అతనికి పెళ్లయిందని తెలిసీ సంబంధం పెట్టుకున్న మనిషి మీద కూడా వేయొచ్చు. సంగతీ మనిషీ తెలిసిన మూడేళ్లలోపు వేయాలి. మొదట వచ్చేది పోస్టాఫీసు ముద్రపడ్డ నోటీసు. సాక్ష్యంగా లైన్ యాప్‌లో మెసేజ్‌లు, డిటెక్టివ్ తీసిన హోటల్ గుమ్మం ఫొటోలు. సంసారం అప్పటికే విరిగిపోయి ఉంటే మూడో మనిషికి బాధ్యత ఉండదని 1996లో సుప్రీంకోర్టు అంది. కానీ విరిగిందని చూపించాలిగా. భార్య నోటిమాటగా ఒప్పుకుందంటారా? రేపు ఆమె "నేనెప్పుడన్నాను?" అంటే మీ దగ్గర మిగిలేదేంటి? భార్య లేదా భర్త వీసా మీద ఉన్నవాళ్లకి ఇంకో ముడి కూడా: విడాకులైతే 14 రోజుల్లో ఇమిగ్రేషన్‌కి చెప్పాలి, సరైన కారణం లేకుండా ఆరు నెలలు దాటితే వీసా రద్దు చేయొచ్చు. "అడిగే నాథుడు లేడు" అని రాసినవాడు వచ్చి వకీలు ఫీజు కడతాడా?

అనాది ఆచారం అన్నదాంట్లో కొంత నిజం ఉంది. 2024 నాటి ఎన్‌హెచ్‌కే చారిత్రక డ్రామా 'హికారు కిమి ఎ'లో వెయ్యేళ్ల కిందటి ప్రభువు మిచినగకి ఇద్దరు భార్యలు. 2021లో అదే ఎన్‌హెచ్‌కే వేసిన పాతకాలపు వ్యాపారవేత్త షిబుసవా ఎయిచి కథలో ఉంపుడుగత్తె అదే ఇంట్లో ఉంటుంది. ఆయన బొమ్మే ఇప్పుడు పదివేల యెన్ల నోటు మీద ఉంది. 1870 నాటి చట్టం ఉంపుడుగత్తెని భార్యతో సమానంగా రెండో శ్రేణి బంధువుగా రాసింది, 1882లో అది పోయింది. అయితే అక్కడ మగవాడిదే ఎంపిక. ఆడవాళ్లని ఎవరడిగారు? అది మనకి కొత్తా? ఇద్దరు పెళ్లాల మధ్య నలిగే హీరోని చూసి ఈలలు వేసిన తరం మనదే కదా. జపాన్ వాళ్లు చెడగొడుతున్నారని బాధపడేవాళ్లు ఆ పాత పోస్టర్లు కూడా తీయొచ్చు.

ఇక ఒక మాట ఒప్పుకోవాల్సిందే. ఈ ఫార్వర్డ్ రాసినవాడి వాసన పట్టే శక్తి పూర్తిగా తప్పు కాదు. ఇద్దరి పెళ్లి ఒక్కటే కుటుంబమా అన్న ప్రశ్న జపాన్ డ్రామా చాలా ముందే అడిగింది, అదీ అర్ధరాత్రి కాదు. 2008లో ఫుజీ టీవీ, గురువారం రాత్రి పది గంటలకి 'లాస్ట్ ఫ్రెండ్స్'. మిచిరుని ప్రేమించే రుకా, రుకాని ప్రేమించే తకెరు, కొట్టే మనిషి నుంచి బయటపడ్డ మిచిరు. చివరికి ఆ ముగ్గురూ కలిసి మిచిరు బిడ్డని పెంచడానికి ఒకే ఇంటికి చేరతారు. ఎవరు ఎవరికి ఏమవుతారో కథ చెప్పదు, ఏ పేరూ పెట్టదు. వాదనకి కాస్తో కూస్తో బలమిచ్చేది అదొక్కటే. ఆ పోస్టర్ల వరసలో అది లేదు.