ఒక్కరోజులో హైలాండ్స్ అంటే బస్సు కిటికీలోంచే
స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరాలో పొద్దున బయల్దేరితే ఉత్తరాన ఉన్న హైలాండ్స్ కొండప్రాంతంలోని గ్లెన్‌కో లోయ, లోక్ నెస్ సరస్సు, దాని ఒడ్డునున్న అర్కర్ట్ కోట అన్నీ చూసుకుని రాత్రికి తిరిగొచ్చేయొచ్చని ఒక వ్యాసంలో రాశారు. రావడమైతే వస్తాం, చూడడమే తక్కువ. ఓ డిసెంబరులో మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు మేమూ ఇలాగే టూర్ బస్సెక్కాం. 12 గంటల్లో సగానికి పైగా సీట్లోనే గడిచింది. గ్లెన్‌కోలో పావుగంట ఆపారు. 1692 ఫిబ్రవరిలో, దాదాపు రెండు వారాలు అతిథులుగా ఉండి తిండి తిన్న సైనికులే అక్కడి మెక్‌డొనాల్డ్ వంశం వాళ్లని తెల్లవారుజామున చంపిన చోటు అది. డ్రైవరు ఆ కథ ముగించేలోపే అందరం ఫొటోలు తీసుకుని బస్సెక్కేశాం, నేను కూడా. అర్కర్ట్ చేరేసరికి మూడున్నర, చీకటి పడిపోతోంది. ఆ కోటని పేల్చేసిందీ 1692లోనే. గద్దె కోల్పోయిన జేమ్స్ రాజు పక్షం వాళ్లైన జాకోబైట్ల చేతికి చిక్కకూడదని, ఖాళీ చేసి వెళ్తూ అందులోని ప్రభుత్వ సైనికులే పేల్చారట. మేం చూసింది మాత్రం గోడల నీడలు! చేతిలో ఒక్కరోజే ఉంటే స్టిర్లింగ్ కోట చాలంటాను. ఎడిన్‌బరా నుంచి రైల్లో గంట లోపే చేరొచ్చు, గోడ మీద నిలబడితే హైలాండ్స్ కొండలు కూడా కనిపిస్తాయి. ఇంకా టైముంటే దగ్గర్లోనే డౌన్ కోట ఉంది. గ్లెన్‌కోయే కావాలంటే దానికి దగ్గర్లోని ఫోర్ట్ విలియం ఊళ్లో ఒక రాత్రి ఉండండి. జూన్‌లో అయితే రాత్రి పదింటిదాకా వెలుతురే, కాకపోతే మిడ్జెస్ అనే చిన్న పురుగులు ప్రాణం తీస్తాయి.