చలవరాయి చెంప మీద చేసే పనెంత?

పాలరాయికి తెలుగులో చలవరాయి అని ఇంకో పేరుంది. ఆ పేరు ఎంత చక్కగా కుదిరిందో ఈమధ్య స్పాలో కూలింగ్ స్టోన్ ఫేషియల్ చేయించుకున్నప్పుడు తెలిసొచ్చింది. కళ్ల మీద తడి దూది, ముఖానికి పల్చగా జెల్. మొదటి రాయి చెంపకు తగలగానే ఊపిరి బిగపట్టాను. కాసేపటికే అది గోరువెచ్చగా అనిపించింది. నేను అడక్కముందే థెరపిస్ట్ దాన్ని ఐసు గిన్నెలో వేసి ఇంకోటి అందుకుంది.

ఒకే గదిలో ఉన్న చెక్క బల్లా, చలవరాయీ నిజానికి ఒకే ఉష్ణోగ్రతలో ఉంటాయి. అయినా ముట్టుకుంటే రాయే చల్లగా తోస్తుంది. చర్మంలోని వేడిని అది చెక్క కన్నా ఎన్నో రెట్లు వేగంగా లాగేస్తుంది కాబట్టి. అయితే ఎక్కువ వేడిని దాచుకోలేదు. అంతే బరువున్న నీటితో పోలిస్తే దాని శక్తి దాదాపు ఐదో వంతే. రాళ్లు మాటిమాటికీ మార్చేది అందుకే.

ఇంతవరకూ పేచీ లేదు. పేచీ అంతా ప్రచారంతోనే. చర్మ రంధ్రాలు మూసుకుపోతాయట, టాక్సిన్లు పోతాయట! ఆ రంధ్రాలకు తెరుచుకుని మూసుకునే కండరాలే లేవు. రోమాలు నిక్కబొడుచుకునేలా చేసే చిన్న కండరాలున్నాయి గానీ అవి దేనికీ మూత వేయవు. టాక్సిన్ల సంగతి కాలేయం, మూత్రపిండాలు చూసుకుంటాయి. జరిగేదల్లా ఒకటే: చల్లదనానికి రక్తనాళాలు కుంచించుకుని వాపు కాస్త తగ్గుతుంది, ముఖం బిగుతుగా కనిపిస్తుంది. కాసేపటికి నాళాలు సడలి రక్తం మళ్లీ వస్తుంది. అద్దంలో నేను 'గ్లో' అనుకుని మురిసిపోయింది ఆ ఎరుపుని చూసే.

ఇంకో తిరకాసు కూడా ఉంది. చర్మంలో చలిని పసిగట్టే గ్రాహకమే పుదీనాలో ఉండే మెంథాల్‌కీ స్పందిస్తుందని 2002లో తేలింది. ఇలా ఉష్ణోగ్రతనూ స్పర్శనూ పసిగట్టే గ్రాహకాల పరిశోధనకే 2021లో డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకు నోబెల్ వచ్చింది. నాకు రాసిన జెల్‌లోనూ మెంథాల్ ఉంది. మరి ఆ చల్లదనంలో రాయి వాటా ఎంతో, జెల్ వాటా ఎంతో!

హాయిగా లేదా అంటే ఉంది. ఉబ్బిన కళ్లు కొన్ని గంటలు తేటగా కనిపిస్తాయని ఉన్నమాట చెప్పినా నేను వెళ్లేదాన్నే. నాకు నచ్చనిది వేరే. ముందు నింపమన్న ఫారంలో నా చర్మం జిడ్డుదా పొడిదా అని అడిగారు. చలి తగిలితే దద్దుర్లు లేస్తాయా అని మాత్రం అడగలేదు. కోల్డ్ అర్టికేరియా ఉన్నవాళ్లకు ఒక్క చల్లటి రాయి చాలు, తగిలిన చోటల్లా దద్దుర్లు పొంగడానికి. చలికి వేళ్లు తెల్లబడి తిమ్మిరెక్కే రేనాడ్స్ సమస్య గురించీ ఆ ఫారంలో లేదు. ఆ ప్రశ్న నాకన్నా ముందు థెరపిస్ట్‌నే అడగాలేమో. ఆఖరి రాయి తీశాక ఆమె తన వేళ్లను తువ్వాలులో చుట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయింది.