నిండు బీరువాకి ఒక ఉత్తరం

మహారాజశ్రీ బీరువా గారికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీ కడుపులో మా పట్టుచీరలు, వెండి గిన్నెలు, కొత్త దుప్పట్లు, డిపాజిట్ బాండ్లు అన్నీ క్షేమమని తలుస్తాను. క్షేమంగా ఉండక ఏం చేస్తాయి లెండి. వాటిమీద ఈగనైనా వాలనిచ్చారా మీరు?

ఒకే ఇంట్లో ఉంటూ ఈ ఉత్తరాలేమిటని మీరు అడగొచ్చు. ముఖాముఖి మాట్లాడదామంటే మీ తలుపు తెరుచుకోదు. తాళంచెవి అమ్మ దగ్గర ఉంటుంది. "ఏం కావాలిరా?" అంటుంది. ఏమీ వద్దు, ఊరికే చూస్తానంటే, "చూడ్డానికేముంది అందులో, అన్నీ మంచివే" అంటుంది.

గొడవంతా ఆ 'మంచివి' దగ్గరే వచ్చింది.

మా ఇంట్లో వస్తువులు రెండే రకాలు. 'ఇంట్లోకి', 'బయటికి'. చీర కొత్తలో బయటికి. రంగు వెలిసి, అంచు పీకి, చేతులు తుడుచుకుంటే బాధనిపించని స్థితికి వచ్చాక ఇంట్లోకి. ఆ తర్వాత మసిగుడ్డ. గ్లాసులూ అంతే. సొట్టపడ్డ స్టీలువి ఇంట్లోకి, పూలున్న గాజువి ఆరూ వచ్చేవాళ్లకి. ఏ వస్తువైనా మాకు దక్కాలంటే ముందు అది పాడవ్వాలి. చిన్నప్పుడు నేను ఆ పూల గ్లాసులో మజ్జిగ అడిగితే, "నువ్వేమన్నా చుట్టానివా?" అంది అమ్మ. కాదు. అదే నా దురదృష్టం.

మీ తలుపుకి నిలువుటద్దం ఉంది. రోజూ పొద్దున్నే అమ్మ దానిముందు నిలబడి బొట్టు పెట్టుకుంటుంది. అద్దంలో వెలిసిన నూలుచీర కనిపిస్తుంది. ఆ అద్దానికి వెనక, రేకుకి అటువైపు, జానెడు దూరంలో పట్టుచీరలు. దాదాపు నలభై ఏళ్లుగా ఇద్దరూ అలా ఎదురెదురుగా నిలబడే ఉన్నారు.

మీ వంశం గురించి నాకు చిన్నచూపు లేదు. 1897లో బొంబాయిలో తాళాలతో మొదలుపెట్టిన గోద్రెజ్ వాళ్లు 1923లో ఇనప బీరువాలు చేయడం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఏ ఊళ్లో ఏ వెల్డింగ్ షాపులో చేయించినా జనం గోద్రెజ్ బీరువా అనే అన్నారు. మీరూ ఆ బాపతే. పుట్టిల్లు బందరులో ఒక వెల్డింగ్ షాపు. అమ్మ కాపురానికి వచ్చినప్పుడు సారెతోపాటు రిక్షా ఎక్కి వచ్చారు. ఇంట్లో నాకంటే మీరు సీనియర్. దసరాకి మీకు పసుపు, కుంకుమ, బంతిపూలు. నాకు మీ వెనక బూజు దులిపే పని.

పెద్దలు దీవించేటప్పుడు "నిండు నూరేళ్లు" అంటారు. దీర్ఘాయుష్మాన్‌భవ, దీర్ఘసుమంగళీభవ. ఎంత పొడుగు ఉండాలో చెప్పారు గానీ, లోపల ఏం నింపుకోవాలో ఎవరూ చెప్పలేదు. ఆ 'నిండు' అన్నమాటని మా ఇంట్లో మనసుకి పట్టించుకున్నది మీరొక్కరే. నిండారు. తలుపు వేయాలంటే ఇప్పుడు మోకాలితో నొక్కాలి.

పై అరలో సెంటు సీసా గుర్తుందా? మా పిన్ని కొడుకు డాలస్ నుంచి తెచ్చింది. "మంచి సెంటురా, పెళ్లికి కొట్టుకుందువుగాని" అని అమ్మ మీకు అప్పగించింది. నా పెళ్లినాడు తీస్తే పావు సీసా కూడా లేదు. మూత గట్టిగానే ఉంది. మీరే కొట్టుకున్నారేమో, నాకు తెలియదు. కలరా ఉండలదీ అదే కథ. బఠాణీ గింజంత అయ్యి, ఆనక మాయం. ఆలోచిస్తే, మీ లోపలికి వెళ్లి మళ్లీ బయటి గాలి పీల్చినవి ఆ ఉండలే.

నాన్న వ్యవహారం ఇంకొకటి. ఆయన చీరలు దాచలేదు, సెలవులు దాచారు. గవర్నమెంటు ఉద్యోగికి ఏడాదికి 30 ఈయెల్స్, అంటే ఆర్జిత సెలవులు. కూడబెట్టుకోడానికి హద్దు 300. దాటితే మురిగిపోతాయి. నాన్న ఆ 300ని మా ఇంటి ఆస్తిలా చూసుకున్నారు. జ్వరం వచ్చినా క్యాజువల్ లీవే. నా అన్నప్రాశనకి ఒక్క పూట పర్మిషన్. మేం ఎక్కడికైనా వెళ్దామంటే, "రిటైరయ్యాక చూద్దాం. అప్పుడు అన్నీ సెలవులే" అనేవారు. ఆ రిటైర్మెంటేమో ఎండమావి. 58కి అనుకుంటే, 2014లో ఆంధ్రాలో 60 చేశారు. నాన్న ఆఫీసులో స్వీట్లు పంచారు. అరవై దగ్గరపడుతుంటే 2022 జనవరిలో 62 చేశారు. మళ్లీ స్వీట్లు. అమ్మ మాత్రం కాశీకి వెళ్లేటప్పుడు కట్టుకుంటానని పక్కన పెట్టిన మంగళగిరి చీరని మీ మధ్య అరలోంచి కింది అరలోకి జరిపింది.

2024లో రిటైరయ్యారు. 300 రోజులూ నిండుగా ఉన్నాయి. వాటికి డబ్బు వచ్చింది. ఆ డబ్బు సీనియర్ సిటిజన్ల స్కీములో పడింది. ఆ పాస్‌బుక్ మీ లాకర్లోకి వచ్చింది. పది నెలల ఆయుష్షు, సన్నటి పుస్తకం రూపంలో మీ దగ్గర చేరిందన్నమాట.

కాశీకి మాత్రం వెళ్లారు, అది ఒప్పుకోవాలి. ఆ ఏడాది డిసెంబరులో. అక్కడ ఇష్టమైన కూర ఒకటి, పండు ఒకటి వదిలేసి రావాలంటారు కదా. ఘాట్ మీద పంతులుగారు "ఏం వదులుతారు?" అని అడిగితే నాన్న చాలాసేపు ఆలోచించారట. ఆలోచించి, అమ్మవైపు తిరిగి, "ఏమే, నాకేం ఇష్టం?" అన్నారట.

"మీకేం పెట్టినా తింటారుగా" అంది అమ్మ.

వెనకవాళ్లు తొందరపెడుతుంటే పొట్లకాయ, జామపండు అనేసి బయటపడ్డారు. తిరిగొచ్చాక అమ్మ ఇది నవ్వుతూ చెప్పింది. నాన్న కూడా నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

ఇక అసలు ఫిర్యాదు. ధర్మవరం చీర.

2010లో పీఆర్సీ వచ్చి జీతం పెరిగినప్పుడు నాన్న మొదటిసారి ధర అడక్కుండా కొన్న చీర అది. వంకాయరంగు, చేయంత వెడల్పు జరీ అంచు. ఇంటికి తెచ్చిన రాత్రి అమ్మ దాన్ని మంచంమీద పరిచి, కొంగు భుజాన వేసుకుని, మీ అద్దంలో చూసుకుంది. కట్టుకోలేదు. భుజాన వేసుకుంది, అంతే. తర్వాత మీకు ఇచ్చేసింది. మొదటి పెళ్లికి, "దూరపు చుట్టాలు, వాళ్లకోసం ఇదెందుకు?" రెండో పెళ్లి వైశాఖంలో వచ్చింది. బందరు ఉక్కలో పట్టా! మూడోదానికి బస్సులో ప్రయాణం, నలిగిపోతుంది. నాలుగోదాంట్లో వియ్యపురాలు ఇదే రంగు కడుతోందని తెలిసింది. గృహప్రవేశానికి తీసింది గానీ, హోమం దగ్గర నిప్పురవ్వ పడుతుందని మళ్లీ పెట్టేసింది. కొన్నప్పుడు షాపువాడు చెప్పాడు, రెండుమూడు నెలలకోసారి తీసి మడత మార్చమని. తీస్తే చేతి చెమట అంటుతుందని అమ్మ భయం.

2019 మాఘమాసంలో మా చిన్నాన్న కూతురి పెళ్లి. ఈసారి కట్టాల్సిందేనని మా ఆవిడ పట్టుబట్టింది. అమ్మ చీర తీసి, మడత విప్పి, కుచ్చిళ్లు పోయబోయింది. పర్రుమంది. పెద్ద చప్పుడేం కాదు, పాత కాగితం చిరిగినట్టు. తొమ్మిదేళ్లు ఏ మడతమీద ఉందో ఆ మడత వెంబడే, స్కేలు పెట్టి గీసినట్టు, పోగులు తెగిపోయాయి. అమ్మ ఇంకో మడత విప్పింది. అక్కడా అంతే. మెల్లగా విప్పింది, పసిపిల్ల వేళ్లు విప్పినట్టు. అయినా అంతే. మూడో మడతలోంచి ఎనిమిది అయిదొందల నోట్లు కింద పడ్డాయి. పాతవి.

వాటి సంగతి మీకు తెలిసిందే. 2016 నవంబరు 8, రాత్రి 8 గంటలకు ప్రధాని టీవీలో మాట్లాడుతుంటే వంటింట్లో పోపు మాడిన వాసన వచ్చింది. అమ్మ ఎప్పుడూ పోపు మాడ్చదు. మర్నాడు మీ అరలన్నీ దులిపింది. బాండ్ల కింద, బ్లౌజు ముక్కల మధ్య, పెళ్లి ఆల్బమ్ అట్టలో. మొత్తం నలభైమూడు వేలు తేలాయి. నాన్న చాలాసేపు ఆ కుప్పని చూసి, "వీడి ఫీజుకి నేను సొసైటీలో అప్పు తెచ్చిన ఏడాది కూడా ఇవి ఇక్కడే ఉన్నాయా?" అన్నారు. అమ్మ, "అవసరానికి ఉంటాయని దాచా" అంది. ఏ అవసరం అని ఆయన అడగలేదు. తెలివైనవారు. ఇద్దరూ బ్యాంకు క్యూలో నిలబడ్డారు. అన్నీ దులిపారనుకున్నాం గానీ, ధర్మవరం చీర మడత విప్పడానికి అమ్మకి మనసొప్పలేదు. రద్దయిన నోట్లు పదికి మించి దగ్గర పెట్టుకుంటే నేరమని తర్వాత చట్టం వచ్చింది. ఎనిమిదే కాబట్టి బతికిపోయారు మీరు.

ఇంత తిట్టినా, అమ్మని పిసినారి అంటే మాత్రం ఊరుకోను. వాళ్లది దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆమెకి పదకొండేళ్లు. ఇల్లు, గేదె, ధాన్యం, చెక్కపెట్టె, పెట్టెలోని చీరలు, అన్నీ ఒక్క రాత్రిలో పోయాయి. అమ్మమ్మకి మిగిలింది ఒంటిమీది చీర. తర్వాత కొన్ని నెలలు ఎవరెవరో పంపిన చీరలు, ఎవరి ఒంటిమీదో వెలిసినవి, కట్టుకుని తిరిగింది. అందుకే పెళ్లిలో అందరూ మంచం ఇద్దామంటే, ఆవిడ "ఇనప బీరువా ఇద్దాం. చెక్కది తేలిపోద్ది" అందట. మీరు అలా పుట్టారు. మీరు మునుగుతారు గానీ కదలరని ఆమె నమ్మకం. ఆ నమ్మకాన్ని కాదనే నోరు నాకు లేదు. నా గొడవల్లా, ఉప్పెన వెళ్లిపోయి ఇన్నేళ్లయిందని మీరైనా అమ్మకి చెప్పొచ్చు కదా అని.

నేనేదో జీవితాన్ని జుర్రుకుంటున్నానని కాదు. మీ చిన్న తమ్ముడొకడు నా జేబులో ఉన్నాడు. "తర్వాత చూద్దాం" అని అందులో దాచుకున్న వీడియోలు, వంటలు, ఊళ్ల పేర్లు చూస్తే మీరే నయమనిపిస్తుంది. లైఫ్ ఎంజాయ్ చేయాలని కిందటి చలికాలం ఫ్రెండ్స్‌తో పాడేరు దగ్గర వంజంగి వెళ్లాను. తెల్లవారకముందే కొండెక్కాం. కింద మబ్బుల సముద్రం ఉందట. ఉందట అని ఎందుకంటున్నానంటే, నాముందు వందమంది, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ఫోను. నేనూ చెయ్యెత్తి పదకొండు నిమిషాలు వీడియో తీశాను. ఇంటికొచ్చి తీరిగ్గా చూద్దామని. ఇప్పటిదాకా చూడలేదు. అదీ మంచిదే మరి, మంచిరోజు రావాలి.

ఇక రాయడానికి అసలు కారణం. ఆ చిరిగిన చీర ఆరేళ్లు మీ దగ్గరే ఉందని తెలుసు. పోయిన నెల అమ్మ దాన్ని తీసి, మడతకీ మడతకీ మధ్య మిగిలిన బాగున్న ముక్కలు టైలర్‌కిచ్చి, మా పాపకి లంగా, జాకెట్టు కుట్టించింది. జరీ అంచు కింద చక్కగా కుదిరింది. రెండేళ్లయినా వస్తుందని లోపల మూడు టక్కులు వేయించింది. పాప వేసుకుని గిర్రున తిరిగింది. ఒక్కసారి. అంతే, అమ్మ విప్పించి, పాత పంచెలో చుట్టి, మీకిచ్చేసింది. "ఉగాదికి వేసుకుందువుగాని నాన్నా, ఇది మంచిది" అని.

ఉగాది ఇంకా అయిదు నెలలు. పాపకి అయిదేళ్లు. గోడమీద పెన్సిల్‌తో గీసుకుంటున్న గీతలు చూస్తున్నాను. ఉగాదికి ఒక టక్కు విప్పాలి. ఆ ఉగాదికి ఎండలంటారు, ఎక్కడో మైల వస్తుంది, పై ఉగాది అంటారు. మూడు టక్కులూ మీ కడుపులోనే అయిపోతాయి.

అందుకని నా విన్నపం. ఈ ఆదివారం పొద్దున్నే అమ్మా నాన్నా పెదకళ్లేపల్లి గుడికి వెళ్తున్నారు. మధ్యాహ్నానికి గానీ రారు. తాళంచెవి బియ్యం డబ్బాలో ఉంటుందని నాకు తెలుసు. లంగా తీసి పాపకి వేస్తాను. వీధిచివర ఇసక కుప్ప ఉంది. అక్కడ దాని స్నేహితులు ఉంటారు. పుల్ల ఐసు బండి కూడా వస్తుంది. మరక పడితే పడుతుంది.

మీ తలుపు కిర్రుమంటుందని పక్కింటి మామ్మగారికి కూడా తెలుసు. శనివారం రాత్రి మడత బందులకి కొబ్బరినూనె రాస్తాను. దయచేసి నోరు మెదపకండి.

ఇట్లు,
మీ ఎదురుగా నలభై ఏళ్లకి దగ్గరపడుతున్న,
ఇంట్లోకి వాడే మనిషి