బొమ్మలమ్మి హాస్టల్ బాగుచేస్తారట!

ఆ మధ్య అమీర్‌పేటలో తెలిసినాయన కన్సల్టెన్సీలో కూర్చుని ఉంటే ఓ కుర్రాడు వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు, అందులో మార్కుల మెమోలు. ఫోన్‌లో వాల్పరైజో యూనివర్సిటీ పేజీ తెరిచి, 'అంకుల్, ఇది చర్చి వాళ్ల కాలేజీ అంట కదా, ప్రార్థనకి వెళ్లడం కంపల్సరీనా?' అని అడిగాడు. మా వాడు నవ్వి, 'అలాంటిదేం లేదు నాన్నా. షికాగో పక్కనే, ఓపీటీ ఉంది, చదువయ్యాక కొన్నాళ్లు అక్కడే ఉద్యోగం చేసుకోవచ్చు' అన్నాడు. యూనివర్సిటీ పరిచయం అంతటితో ముగిసింది.

ఇండియానా రాష్ట్రంలోని ఈ చిన్న లూథరన్ (ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ) యూనివర్సిటీకి ఐటీలో ఎంఎస్ అంటూ మన పిల్లలు చాలామందే వెళ్లారు. వెళ్లినవాళ్లు దాన్ని 'వాల్పో' అంటారు. అక్కడి గొడవ గురించి మాత్రం మన దగ్గర ఎవరూ మాట్లాడటం లేదు. మాట్లాడాలి. ఆ గొడవలో మన కథ కూడా ఉంది.

1859లో మెథడిస్టులనే మరో ప్రొటెస్టెంట్ శాఖ వాళ్లు మొదలుపెట్టిన కాలేజీ అది. ఆడపిల్లలనూ మగపిల్లలనూ కలిపి చదివించడం ఆ రోజుల్లో అరుదు, వీళ్లు ఆ పని చేశారు. మధ్యలో మూతపడి, 1873లో మళ్లీ తెరుచుకుని, తక్కువ ఫీజుల పుణ్యమా అని 'పేదవాడి హార్వర్డ్' అనిపించుకుంది. తర్వాత అప్పుల్లో కూరుకుపోయింది. 1923లో కు క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకార ముఠా కొనబోయింది కూడా. ఆ బేరం చెడిపోవడం ఊరి అదృష్టం. 1925లో లూథరన్లు సంఘంగా ఏర్పడి కొన్నారు. చర్చి నేరుగా నడిపే సంస్థ కాదు, స్వతంత్రమైనదే. 1959లో కట్టిన చాపెల్ మాత్రం కాలేజీ చర్చిల్లో ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి.

ఆ చాపెల్ దగ్గర ఒక అలవాటు నాకు భలే నచ్చుతుంది. పొద్దున పూట కాసేపు ఎవరూ క్లాసు పెట్టరు. ప్రార్థనకు వెళ్లేవాళ్లు వెళ్తారు, వెళ్లనివాళ్లు వెళ్లరు. బలవంతం లేదు. గుడికీ చర్చికీ పెద్దగా వెళ్లే మనిషిని కాను గానీ, రోజులో ఒక ఖాళీని అందరూ కలిసి కాపాడుకోవడమనేది చిన్న సంగతిలా అనిపించదు.

అంతకంటే ముచ్చటైనది క్రైస్ట్ కాలేజీ. చదువులో ముందుండే డిగ్రీ పిల్లల కోసం యూనివర్సిటీ లోపలే 1967లో పెట్టిన ఆనర్స్ కాలేజీ. మొదటి ఏడాది పిల్లలు అక్కడ ప్రాచీన గ్రంథాల నుంచి ఆధునికుల దాకా దొంతరలు చదువుతారు. ఇంజినీరింగ్ వాడైనా, నర్సింగ్ అమ్మాయైనా మినహాయింపు లేదు. వచ్చిన కొద్ది వారాలకే అందరూ కలిసి ఒక కొత్త నాటకం కడతారు. కథ వాళ్లదే, పాటలు వాళ్లవే, సెట్టూ లైటింగూ వాళ్లవే. మొన్నటిదాకా ఒకరి మొహం ఒకరికి తెలియని పద్దెనిమిదేళ్ల పిల్లలు 'ఈ సీను తీసేద్దామా, ఉంచుదామా' అని అర్ధరాత్రి దాకా కొట్టుకోవడం, పొద్దున్నే రాజీపడి రిహార్సల్‌కి రావడం! రెండో సెమిస్టర్లో డిబేట్లు. ఇదే క్యాంపస్‌లో వాతావరణ శాస్త్రం చదివేవాళ్లకు సొంత డాప్లర్ రాడార్ ఉంది. సూర్యరశ్మిని అద్దాలతో ఒక్కచోటికి పోగుచేసే సోలార్ ఫర్నేస్ మీద డిగ్రీ పిల్లలే ప్రయోగాలు చేస్తారు. అంటే సైన్సుకు తక్కువేం లేదు. 1998లో బాస్కెట్‌బాల్ మ్యాచ్ ఆఖరి సెకన్లలో వాల్పో ఆటగాడు బ్రైస్ డ్రూ వేసిన బాస్కెట్ సంగతి సరేసరి, ఊళ్లో ఇప్పటికీ నిన్న జరిగినట్టు చెప్పుకుంటారు.

ఇక గొడవ. 2023 ఫిబ్రవరిలో యాజమాన్యం క్యాంపస్ మ్యూజియంలోని మూడు పెయింటింగులు అమ్ముతామంది. ఆ డబ్బుతో మొదటి ఏడాది పిల్లల హాస్టళ్లు బాగుచేయిస్తారట. మూడింటిలో ఒకటి పేరున్న అమెరికన్ చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ 1930లో వేసిన న్యూ మెక్సికో ఎర్రకొండలు. నలిగిన దుప్పటిలా మడతలు మడతలుగా ఉంటాయి ఆ కొండలు. దాన్ని 1962లో ఓ దాత ఇచ్చిన నిధితో కొన్నారు. ఆ మ్యూజియానికి ఎవరి పేరు పెట్టారో ఆ రిచర్డ్ బ్రౌవర్ తొంభై దాటిన వయసులో, బొమ్మలమ్మితే నా పేరు తీసేయండి అన్నారు. వ్యవహారం కోర్టుకెక్కింది. మరుసటి ఏడాది మ్యూజియమే మూతపడింది. అదే 2024లో 28 ప్రోగ్రాములను ఉంచాలా తీసేయాలా అని సమీక్షకు పెట్టారు. ఆ జాబితాలో థియాలజీ, అంటే మతశాస్త్రం కూడా ఉంది. లూథరన్ యూనివర్సిటీలో థియాలజీకే దిక్కు లేకపోయింది!

యాజమాన్యం మాట కూడా వినాలి. పదేళ్ల కిందట నాలుగు వేలు దాటిన విద్యార్థులు ఇప్పుడు మూడు వేల లోపుకు పడిపోయారు. అమెరికాలో హైస్కూలు దాటే పిల్లలే తగ్గుతున్నారు. పాతకాలం హాస్టల్ గది చూసి తల్లిదండ్రులు వెనక్కి తిరుగుతారు. జీతాలివ్వాలి. ఇదంతా నిజమే.

నిజమే కానీ, లెక్క తప్పింది. మంచి గదులు, నర్సింగ్, ఇంజినీరింగ్, ఐటీ చాలనుకునే పిల్లాడు వాల్పోకి ఎందుకొస్తాడు? అదే రాష్ట్రంలో పర్డ్యూ అనే ప్రభుత్వ యూనివర్సిటీ ఉంది. పేరూ పెద్దది, ల్యాబులూ పెద్దవి, రాష్ట్రం పిల్లలకు ఫీజూ తక్కువ. చిన్న యూనివర్సిటీ దగ్గర ఉన్న సరుకల్లా అక్కడ దొరకనిది. రాడార్ నడిపే పిల్ల మ్యూజియంలో ఓకీఫ్ బొమ్మ ముందు ఓ క్షణం ఆగడం, కోడింగ్ రాసే కుర్రాడు నాటకంలో రాజు వేషం వేయడం. లెక్కల పుస్తకంలో ఇవన్నీ ఖర్చు కిందికి వస్తాయి. వాటిని కొట్టేస్తూ పోతే మిగిలేది ఎక్కడైనా దొరికే కాలేజీ, కాస్త ఎక్కువ ఫీజుతో.

మనం ఈ పని ఎప్పుడో చేసేశాం. గుంటూరు వాళ్లకు లూథరన్ అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హైయర్ అక్కడ అడుగుపెట్టారు. ఆయన వెనకాల బడులొచ్చాయి, కుగ్లర్ ఆసుపత్రి వచ్చింది, 1885లో ఏసీ (ఆంధ్ర క్రిస్టియన్) కాలేజీ వచ్చింది. ఎన్టీఆర్, జగ్గయ్య, ముక్కామల చదివింది ఆ కాలేజీలోనే. నాటకాలాడిందీ ఆ రోజుల్లోనే. మేకప్పు వేసుకున్న కుర్రాళ్లను చూసి 'దీనివల్ల ప్లేస్‌మెంట్ వస్తుందా' అని అడిగినవాళ్లు ఉండే ఉంటారు, మాట వేరే అయ్యుంటుంది. అడిగినా నాటకం ఆగలేదు.

ఇప్పుడు మన పిల్లల సంగతి చూడండి. ఇంటర్లో ఎంపీసీ, కాదంటే బైపీసీ. హెచ్‌ఈసీ తీసుకున్నాడంటే చుట్టాలకు చెప్పడానికి తల్లి మొహమాటపడుతుంది. కార్పొరేట్ కాలేజీలో పొద్దున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్. గ్రౌండ్ ఉండదు, స్టేజీ ఉండదు. ఒకవేళ స్టేజీ ఉందంటే ర్యాంకర్లకు సన్మానం చేయడానికే. అక్కడినుంచి బీటెక్, అక్కడినుంచి ఎంఎస్. ఇరవై రెండేళ్లొచ్చేదాకా పదిమందితో కలిసి ఏదీ కట్టి చూడనివాడు వాల్పోకి వెళ్లినా అమీర్‌పేటనే వెంట తీసుకెళ్తాడు. చిన్న యూనివర్సిటీలు కూడా కడుపు నింపుకోవడానికి అతనికి కావలసినట్టే మారిపోతున్నాయి. ఎర్రకొండలు అమ్మకానికి రావడంలో మన ఫీజుల వాటా ఎంతో తెలియదు గానీ, కాలేజీ అంటే ఇంతేనని మనం వాళ్లకు ఏళ్ల తరబడి చెబుతూనే వచ్చాం.

కన్సల్టెన్సీ మెట్లు దిగుతుంటే ఆ కుర్రాడు మళ్లీ కలిశాడు. నాకు తెలిసిందంతా చెప్పాను. రాడార్, చాపెల్, మొదటి ఏడాది నాటకం. ఓపిగ్గా విన్నాడు. కాసేపాగి, 'సార్, ఆ నాటకం ఎంఎస్ వాళ్లు కూడా వేయాలా?' అన్నాడు.

లేదు బాబూ, అది డిగ్రీ పిల్లలకే, అందులోనూ ఆనర్స్ వాళ్లకే అన్నాను.

'హమ్మయ్య' అనేసి బైకు స్టార్ట్ చేశాడు.