విశాఖ గుర్తుంచుకున్న తేదీలు, వదిలేసిన తేదీలు

డిసెంబర్ 4 వస్తోందని విశాఖలో ఎవరికీ చెప్పక్కర్లేదు. రిహార్సల్స్ మొదలైతే చాలు, హెలికాప్టర్లు ఇళ్ల మీదుగా తిరుగుతుంటాయి, పిల్లలు డాబాలెక్కి చేతులూపుతుంటారు, ఆర్కే బీచ్ వైపు బండి తీసుకెళ్లాలంటే రెండుసార్లు ఆలోచించాలి. నేవీ డే మన ఊరి పండగ అయిపోయింది. నిజానికి ఆ తేదీ 1971లో మన క్షిపణి పడవలు కరాచీ రేవు మీద దాడి చేసిన రాత్రిది. మన ఊరి కథ అంతకు ముందు రాత్రి జరిగింది. డిసెంబర్ 3 అర్ధరాత్రి ప్రాంతంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు బయట మునిగిపోయింది. అది మన విమానవాహక నౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ వచ్చింది, విక్రాంత్ మాత్రం అండమాన్ దగ్గర ఉంది. మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీలకే (నీటి అడుగున పేలే బాంబులు) అది మునిగిందని మన నేవీ చెబుతుంది, పాకిస్తాన్ ఇప్పటికీ ఒప్పుకోదు.

ఈ తేదీ ఇంత బలంగా ఎందుకు నిలిచిందో చూడండి. దాన్ని చూసుకోవడానికి ఒక సంస్థ ఉంది, బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్తూపం ఉంది, ఆ దగ్గర్లోనే కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం ఉంది, అక్కడికి చుట్టాలొచ్చినప్పుడల్లా మనమే తీసుకెళ్తాం. ఏటా ఆ రోజు పూలదండ వేయడం ఎవరో ఒకరి డ్యూటీ. అది మంచిదే, అలాగే జరగాలి. నా బాధంతా అలాంటి డ్యూటీ ఎవరికీ లేని తేదీల గురించి.

నవంబర్ 1నే తీసుకోండి. రాష్ట్ర అవతరణ దినం, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజు. (2014 విభజన తర్వాత కొన్నేళ్లు ప్రభుత్వం ఈ రోజును జరపడమే మానేసింది, 2019లో మళ్లీ మొదలుపెట్టారు, అంటే తేదీలు కూడా ప్రభుత్వాలతో పాటు మారిపోతుంటాయన్నమాట.) అయితే 1966లో సరిగ్గా అదే రోజున, రాష్ట్రానికి పదేళ్లు నిండిన రోజున, విశాఖలో పోలీసులు జనం మీద కాల్పులు జరిపారు. అప్పటికే బ్రిటిష్, అమెరికన్ నిపుణుల బృందం ఉక్కు ఫ్యాక్టరీకి విశాఖ తగిన చోటని చెప్పినా ఢిల్లీ నాన్చుతూ వచ్చింది, అక్టోబర్ 15న టి. అమృతరావు ఇక్కడ నిరాహార దీక్షకు కూర్చున్నారు, తెన్నేటి విశ్వనాథం లాంటి వాళ్లు ముందుండి నడిపించారు, 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కాయి. ఆ ఉద్యమంలో రాష్ట్రమంతటా కలిపి 32 మంది ప్రాణాలు పోయాయని చెప్పుకుంటాం. 32 అనే అంకె అందరికీ వచ్చు. అందులో అయిదుగురి పేర్లు చెప్పమంటే నేను కూడా తడుముకుంటాను, అది నాకు సిగ్గుగా ఉంది.

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు, అప్పట్లో కాలేజీ కుర్రాడట. ఓసారి అడిగితే చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "ఆ రోజు ఏటి జరిగిందో మా పిల్లలకే చెప్పలేదు బాబూ, ఎవరూ అడగలేదు కూడా" అన్నారు. ఫ్యాక్టరీకి 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు, అరవై పైగా గ్రామాల వాళ్లు భూములిచ్చారు. 2021 జనవరిలో కేంద్రం ప్లాంటు అమ్మకానికి ఓకే చెప్పగానే కూర్మన్నపాలెంలో నిరసన శిబిరం వెలిసింది, పాత నినాదం కొత్త గొంతుల్లో వినిపించింది. 2025 జనవరిలో కేంద్రం ప్లాంటుకి 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. ఇంత జరుగుతున్నా నవంబర్ 1న అవతరణ వేదిక మీద ఆ 32 మంది పేర్లు వరసగా చదివితే ఎంతసేపు పడుతుంది? రెండు నిమిషాలు కూడా పట్టదు.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన రేవు మీద బాంబులు వేశాయి, జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పారిపోయారు. ఆ తరం వెళ్లిపోవడంతో ఆ తేదీ కూడా దాదాపు వెళ్లిపోయింది. హుద్‌హుద్ తుఫాను సంగతి వేరు, 2014 అక్టోబర్ 12ని ఎవరూ సభ పెట్టి గుర్తుచేయక్కర్లేదు, కైలాసగిరి మీద మోడైన చెట్లు చూసినవాళ్లు ఊరంతా ఉన్నారు.

నాకు అన్నిటికంటే భయం వేసేది మే 7 విషయంలో. 1924లో ఆ రోజున అల్లూరి సీతారామరాజును కొయ్యూరులో కాల్చి చంపారు. ఏటా విగ్రహాలకు దండలు పడతాయి, పడాలి కూడా. 2020లో అదే తేదీన తెల్లవారుజామున గోపాలపట్నం పక్కన ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే ప్లాస్టిక్ తయారీ రసాయనం ఆవిరై ఊరి మీద పడింది. లాక్‌డౌన్‌లో కదలకుండా నిల్వ ఉన్న ద్రవం ట్యాంకులోనే వేడెక్కింది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు, పరుగెత్తుతూనే రోడ్డు మీద కుప్పకూలినవాళ్లను మనం టీవీలో చూశాం. జనాన్ని లేపడానికి సైరన్ మోగలేదు. ఫ్యాక్టరీలో అలారం నొక్కే చోట్లు చాలానే ఉన్నా ఎవరూ వాడలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీయే తేల్చింది.

ఇది మొదటిసారి కూడా కాదు. 1997 సెప్టెంబర్ 14, ఆదివారం పొద్దున, హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో గ్యాస్ లీకై మంటలంటుకున్నాయి, సుమారు 60 మంది పోయారు. మల్కాపురం వైపు పాతవాళ్లను కదిపితే ఇప్పటికీ ఆ పొగ గురించే చెబుతారు. ఆ ప్రమాదానికీ 2020కీ మధ్య ఇరవై రెండేళ్లకు పైగా గడిచాయి, మధ్యలో ఇరవై రెండు సెప్టెంబర్ 14లు వచ్చాయి. వాటిలో ప్రతిదాన్నీ ఊరంతా సైరన్లు పరీక్షించే రోజుగా పెట్టుకుని ఉంటే, వెంకటాపురంలో ఆ రాత్రి కొందరైనా ముందే లేచి బయటపడేవాళ్లని నేను నమ్ముతున్నాను. ఇలాంటి ప్రమాదాల్లో పోయినవాళ్లకు కొవ్వొత్తులు వెలిగిస్తాం, సరే. బతికున్నవాళ్ల కోసం కూడా ఆ రోజున ఏదైనా జరగాలి.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. వచ్చే మే 7న పగటిపూటే, ముందుగా చెప్పి, గోపాలపట్నం నుంచి గాజువాక దాకా ప్రమాదకరమైన రసాయనాలు పెట్టుకున్న ప్రతి ఫ్యాక్టరీ తన సైరన్‌ని ఒక్క నిమిషం మోగించాలి. పక్క వీధుల్లోని జనాన్ని బయటకు పిలిచి, గాలి ఎటు వీస్తుందో ఎలా చూసుకోవాలో, దానికి ఎదురుగానో వెంబడో కాకుండా అడ్డంగా ఎటు నడవాలో, ముక్కుకి తడిగుడ్డ ఎందుకు పెట్టుకోవాలో పిల్లల చేత చేయించి చూపించాలి. ఎక్కడ సైరన్ మోగలేదో ఆ సాయంత్రమే కలెక్టర్ ఆఫీసు గోడ మీద రాసి పెట్టాలి.